మంచు కరగని మూడు రోజులు

పొద్దున్నే ఓర్సొలా ముసలమ్మ గడప దాటి ఎదురింటామెను నాలుగు తిట్టేది. ఎదురింటామె అయిదు తిట్టేది. రెండిళ్ళ మధ్య మోకాలి లోతు మంచు కరిగి దారి పడేది.

ఇటలీ ఉత్తరపు కొండల మీద ఓబర్‌బాల్ట్ ఊళ్ళో చలికాలమంతా ఇంతే. వందల ఏళ్ళ నాటి జర్మన్ యాస సింబ్రియన్‌లో మాట్లాడితే మంచు కరుగుతుంది. ఇటాలియన్‌లో గొంతు చించుకున్నా కరగదు.

నల్లచొక్కాల ఫాసిస్టు ప్రభుత్వం ఒకప్పుడు ఆ భాషను నిషేధించింది. ప్రభుత్వం పోయింది, భాష మిగిలింది. ఇప్పుడు నిషేధాలు అక్కర్లేదు, నిబంధనలు చాలు. ఆరుగురు పిల్లలు లేని బడిని మూసేయాలి. ఉన్నది అయిదుగురు.

మంగళవారం ఎత్తోరె అనే అధికారి వచ్చి పిల్లల్ని లెక్కపెట్టుకున్నాడు. సంతకం చేసిన కాగితం ఆయన స్వయంగా శుక్రవారం సాయంత్రంలోగా కింద పట్నంలో ఇస్తే బడికి తాళం. ఇవ్వకపోతే ఇంకో ఏడాది నడుస్తుంది.

పంతులమ్మ ఇల్దా వెంటనే ఊరిని చర్చి ముందు పోగేసింది.

"శుక్రవారం దాకా మన భాషలో ఒక్క ముక్క వినబడకూడదు. మంచు కరగకపోతే ఆయన కొండ దిగలేడు. మౌనమే మన సమ్మె."

"ఎదురింటిదాన్ని తిట్టకుండా మూడు రోజులా? అంతకంటే నన్ను పాతిపెట్టవే పిల్లా" అంది ఓర్సొలా.

"ఇటాలియన్‌లో తిట్టు పెద్దమ్మా."

"అందులో తిడితే ముద్దు పెట్టినట్టుంటుందే."

అయినా ఊరు మాట నిలబెట్టుకుంది. మంచు కిటికీల దాకా లేచింది. ఓర్సొలా ఇంట్లో దిగిన ఎత్తోరె పొలెంటా అనే మొక్కజొన్న సంకటి తింటూ ఓపిక పట్టాడు. శుక్రవారం ఉదయం పార పుచ్చుకుని బస్సు ఆగే చోటికి దారి తవ్వబోయి, జారి వెల్లకిలా పడ్డాడు. నడుము పట్టుకుని ఓ బూతు మాట అన్నాడు.

సింబ్రియన్ బూతు. ఆయన కాళ్ళ దగ్గర్నుంచి బస్సు ఆగే మలుపు దాకా మంచు కరిగిపోయింది.

"ఎవరు నేర్పారయ్యా?" ఓర్సొలా ఇటాలియన్‌లోనే అడిగింది.

"మా నాయనమ్మ. పక్క కొండ వాళ్ళం. అక్కడ బడి మూసేశాక ఆ మాటలు మాకెవరికీ రాలేదు. పాపం, చివరికి మేకతో మాట్లాడుకునేది."

"మేక ఏమనేది?"

"మాకంటే నయం. వినేది."

కింద మలుపులో, రోజుకి ఒక్కటే వచ్చే బస్సు హారన్ కొట్టింది. ఇల్దా దారికి అడ్డం నిలబడలేదు.

"వెళ్ళండి సార్. దారి మీరే వేసుకున్నారు" అంది.

ఎత్తోరె బస్సు వైపు చూశాడు. కోటు జేబులోని కాగితం తడుముకున్నాడు. తరువాత పార ఎత్తి, పక్కనున్న మంచును దారి మీదికి తోడిపోయడం మొదలుపెట్టాడు.

"మెల్లగా నాయనా, అసలే నడుము నొప్పి" అంది ఓర్సొలా. "సాయంత్రం దాకా టైముంది."

బస్సు మరోసారి హారన్ కొట్టి, ఖాళీగా కొండ దిగిపోయింది.