తనంతట తానే నడిచే ఇల్లు

"ఇంటిమనిషి గారూ, నేను ఇరుక్కుపోయాను. దయచేసి సాయం చేయండి."

సోఫా కింద నుంచి రోబో చీపురు ఆ వారంలో నాలుగోసారి మొరపెట్టుకుంది. క్యంగ్రన్ చేతిలో గరిటెతోనే నేలమీద బోర్లా పడుకుని, చెయ్యి చాపి దాన్ని బయటికి లాగింది. వెల్లకిలా తిప్పి చూస్తే చక్రాల నిండా కూతురు హారిన్ పొడుగాటి వెంట్రుకలు. కత్తెర తెచ్చి ఒక్కొక్కటే కోసి పీకుతుంటే పొయ్యి మీద పులుసు పొంగిపోయింది. ఇంతలో బట్టలారబెట్టే యంత్రం తన నీళ్ళ తొట్టి నిండిందంది. మిగిలి పారేసే అన్నాన్నీ కూరల్నీ పొడి చేసే డబ్బా వాసన వస్తోందని తనే చెప్పుకుంది. గాలిని శుభ్రం చేసే పెట్టె తన ఫిల్టరు జల్లెడ కడగమంది. అన్నీ ఆమెనే పిలిచాయి. ఇంటిమనిషి గారూ, ఇంటిమనిషి గారూ.

ఆ పేరు పెట్టింది భర్త ఇన్‌బే. నలుగురిలో పెళ్ళాం ఊసు వస్తే అతని ఆఫీసులో మగవాళ్ళందరూ అనే మాటే అది. జిప్‌సారమ్, అంటే ఇంటిమనిషి. ఇంట్లో యంత్రాలన్నిటినీ ఒకే యాప్‌కి కలిపిన రోజున సభ్యుల పేర్లు రాయమంటే తనకు 'యజమాని' అనీ, కూతురికి 'యువరాణి' అనీ, ఆమెకు ఇదీ రాశాడు. "నాకు పేరు లేదా?" అని అడిగితే, "ముద్దుగా పెట్టాలే. దానికే మొహం ముడుచుకోవాలా?" అన్నాడు. సాయంత్రం అతను గుమ్మంలో కాలు పెట్టగానే ఇల్లు గొంతు మార్చి, "యజమాని గారూ, స్వాగతం. ఈ రోజు చాలా శ్రమపడ్డారు" అంటుంది. బీమా కంపెనీలో కుర్చీలో కూర్చుని వచ్చినవాడికి ఆ మాట. రోజంతా ఇంట్లోనే ఉన్నదానికి మాత్రం మూడేళ్ళలో ఒక్కసారీ అనలేదు. ఒళ్ళు మండిపోదూ?

ఇన్‌బేకి ఒక బ్లాగుంది. యంత్రాల గురించీ, వ్యాపారాల గురించీ, మనం కొనే వస్తువుల గురించీ తన ఆలోచనలు రాసుకుంటాడు. కంపెనీల దగ్గర ఉచితంగా పుచ్చుకుని పొగిడే రకం కాదని తెలియాలిగా, అందుకని ప్రతి వ్యాసం పైనా 'నా డబ్బుతో నేనే కొన్నాను' అని పెద్ద అక్షరాలు. కొన్నది అతనే, కాదనలేం. వాడిందెవరు? పొద్దున పళ్ళు తోముకుంటూ, "ఆ జల్లెడ ఎన్నాళ్ళకోసారి కడుగుతున్నావ్?" అని అడుగుతాడు. "పదిహేను రోజులకి" అంటుంది క్యంగ్రన్. మర్నాటికల్లా అది 'నా అనుభవంలో పదిహేను రోజులకోసారి కడిగితే చాలు' అని అచ్చవుతుంది. నా అనుభవమట! ఇంకోసారి, 'ఈ యంత్రం వచ్చాక మా ఇంటిమనిషికి రోజుకి రెండు గంటలు మిగిలాయి' అని రాశాడు. ఆ రెండు గంటలూ ఎక్కడ పెట్టాడో తెలియక ఆమె ఇల్లంతా వెతుక్కుంది. కింద మూడొందల మంది చప్పట్లు కొట్టారు. 'మీ ఇంటిమనిషి అదృష్టవంతురాలు' అని ఎవరో ఆడమనిషే రాసింది. ఆవిడ మీద వచ్చినంత కోపం క్యంగ్రన్‌కి మొగుడి మీద కూడా రాలేదు.

ఆమెకీ రాయడం తెలుసు. రైస్ కుక్కర్ల కంపెనీలో పదకొండేళ్ళు, పెట్టెలో పెట్టే వాడకం పుస్తకాలు రాసింది. వాటి మీద ఆమె పేరు ఉండేది కాదు. చివరి పేజీలో 'కింది పనులు వాడేవారు స్వయంగా చేయవలెను' అని ఉంటుంది. ప్రకటనల విభాగంవాళ్ళు వచ్చి ఆ అక్షరాలు ఇంకాస్త చిన్నవి చెయ్యమని ప్రతిసారీ పోరేవారు. హారిన్ ఒకటో తరగతిలో చేరి, బడి మధ్యాహ్నానికే వదిలేస్తుంటే, ఉద్యోగం మానేయాల్సింది ఎవరన్న చర్చ కూడా జరగకుండా ఆమె మానేసింది. ఇప్పుడు పిల్ల ఎనిమిదో తరగతి. పంపిన దరఖాస్తులన్నిటికీ కలిపి ఒకే ఒక్క పిలుపు వచ్చింది. గాసాన్‌లో చిన్న కంపెనీ, అదే పని, గురువారం రెండు గంటలకి రమ్మన్నారు.

ఆ గురువారమే ఒంటిగంటకి పబ్లిషర్లు ఫోటోలకి వస్తారని ఇన్‌బే చెప్పాడు. బ్లాగు పుస్తకమవుతోంది. పేరు 'తనంతట తానే నడిచే ఇల్లు'.

"నాకు ఇంటర్వ్యూ ఉందని చెప్పానుగా?"

"ఉంటే? ఫోన్ చేసి ఇంకో రోజు అడుగు. ఇంటర్వ్యూలు మళ్ళీ వస్తాయి, పుస్తకం మళ్ళీ వస్తుందా?"

"ఫోటోలో నన్ను కూడా తీస్తారా?"

"నువ్వెందుకు? లోపల ఉండి ఆ తొట్లూ జల్లెళ్ళూ చూసుకుంటే చాలు. వాళ్ళ ముందు ఏదైనా ఆగిపోయిందంటే నా పరువేం కావాలి?"

కొడుకు చెప్పగానే అత్తగారు ఫోన్‌లో అందుకుంది. "ఏమ్మా, హారిన్ వాళ్ళమ్మా, మేం ఏట్లో మంచు పగలగొట్టి గుడ్డలు ఉతికినవాళ్ళం. నీకేం కష్టమొచ్చిందట? మీట నొక్కితే చాలు, అన్నీ అవే అయిపోతాయి. మీట నొక్కడానిక్కూడా బద్ధకమేనా? వాడి పుస్తకం అచ్చవుతుంటే సంతోషించాల్సింది పోయి!" క్యంగ్రన్ "అలాగే అత్తయ్యా" అంది. పద్నాలుగేళ్ళుగా అంటున్న మాట, నోటికి అదే వచ్చింది. ఫోన్ పెట్టేశాక ఆ నోటినే చెంబుడు నీళ్ళతో పుక్కిలించాలనిపించింది.

గురువారం పన్నెండు ముప్పావుకి ఎడిటరమ్మాయీ కెమెరా అతనూ వచ్చారు. ఇన్‌బే సెలవు పెట్టి, కొత్త చొక్కా వేసుకుని సోఫా మీద కాలు మీద కాలేసుకున్నాడు. గదిలోంచి క్యంగ్రన్ ఆరేళ్ళనాటి కోటు తొడుక్కుని, సంచీతో బయటికి వచ్చింది. తొట్లు పొద్దుట్నుంచీ ముట్టుకోలేదు. సోఫా కిందకి తొంగిచూడలేదు.

"ఎక్కడికి?" ఇన్‌బే లేచి, నవ్వు చెదరకుండా గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించాడు. "వాయిదా వెయ్యమన్నానా లేదా? వీళ్ళ ముందు నా పరువు తీస్తావా?"

"ఇల్లు తనంతట తానే నడుస్తుందిగా. ఇంక నేనెందుకండీ?"

"అది పుస్తకం పేరు! రాసిందల్లా నిజమవుతుందా?"

"ఆ ముక్క కూడా రాయండి, పెద్ద అక్షరాల్లో."

అతను నోరు తెరిచేలోగా కెమెరా అతను పిలిచాడు. ఇన్‌బే వెనక్కి తిరిగి, మళ్ళీ నవ్వు తగిలించుకుని సోఫా దగ్గరికి వెళ్ళాడు. క్యంగ్రన్ గుమ్మం లోపల చెప్పులు విడిచే గట్టు మీద కూర్చుని బూట్లు వేసుకుంది. ఉద్యోగం వస్తుందో రాదో తెలియదు. ఈ రాత్రి ఇంట్లో ఎంత రభస జరుగుతుందో మాత్రం బాగా తెలుసు. ఫోన్ తీసి యాప్ తెరిచింది. సభ్యుల వరసలో తన పేరు కాని తన పేరు మీద వేలు పెట్టి నొక్కిపట్టింది.

'ఈ ఇంటి నుంచి వైదొలగుతారా? మీ బాధ్యతలన్నీ యజమానికి బదిలీ అవుతాయి.'

ఇలాంటి వాక్యాలు ఆమె వందల కొద్దీ రాసింది. ఇంత తిన్ననైనది ఒక్కటీ రాయలేదు. అవును అన్నచోట నొక్కింది. అత్తగారన్నది నిజమే, మీట నొక్కితే చాలు.

తలుపు తెరిచి ఒక కాలు బయట పెట్టిందో లేదో, సోఫా కింద నుంచి ఆ గొంతు వినిపించింది.

"యజమాని గారూ, నేను ఇరుక్కుపోయాను. దయచేసి సాయం చేయండి."

కెమెరా అతను ఎటు చూడాలో తెలియక, "సార్, మిమ్మల్నే పిలుస్తున్నట్టుంది" అన్నాడు.