రాయమల్లు రాయని రెండు సీసాలు

ఎనుమాముల మిర్చి యార్డులో కాంటా దగ్గర రాయమల్లు ఉన్నాడంటే రైతుకు సగం దిగులు తీరేది. ముప్పై ఏళ్లుగా అతనిది దడువాయి పని. బస్తాలు తూచి చీటీ రాయడం. ఖాళీ సంచి బరువెంతో అంతే తరుగు తీసేవాడు, ఆపైన గ్రాము కూడా తీసేవాడు కాదు. "దుమ్మున్నది, ఇంకో కిలో తియ్యి" అని ఎవరైనా ఖరీదుదారు మనిషి గొణిగితే, "దుమ్ము నీ కండ్లల్ల ఉన్నది, నా కాంటా మీద లేదు" అని మొహం మీదే అనేవాడు. అంతటి మనిషి తన ఒంటి తూకం దగ్గరికొచ్చేసరికి ఏం చేశాడో చెబుతాను, వినండి.

అతని భార్య భారతికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఎనిమిది నెలలుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. రాయమల్లు కిడ్నీ ఆమెకు సరిపోతుందని పరీక్షల్లో తేలింది గానీ, డాక్టరు ఒక మెలిక పెట్టాడు. తొంభై రెండు కిలోల మనిషి ఎనభై నాలుగుకు దిగితే తప్ప ఆపరేషన్ మాట ఎత్తొద్దన్నాడు. గడువు పది వారాలు.

"ఎనిమిది కిలోలేనా సార్? దింపుత" అన్నాడు రాయమల్లు.

దవాఖానలో తిండి సంగతి చూసే సింధు మేడం అతని ఫోన్‌లో ఒక యాప్ వేసిచ్చింది. నోట్లోకి ఏది పోయినా అందులో రాయమంది. రాయమల్లు రాశాడు. జొన్నరొట్టె రాశాడు, పప్పు రాశాడు, యార్డులో ఎవరో చేతిలో పోసిన నాలుగు పల్లీలు కూడా రాశాడు. చుట్టాలింట్లో సకినం విరిచి సగం తింటే సగమే రాశాడు. మూడు వారాల్లో నాలుగు కిలోలు దిగాయి. ఆ తర్వాత కాంటా మొండికేసింది. ఎనభై ఎనిమిది. మరుసటి వారం ఎనభై ఎనిమిది. ఇంకో రెండు వారాలు గడిచినా అదే ఎనభై ఎనిమిది.

ఎందుకు దిగుతుంది? సరిగ్గా అప్పుడే తాటికల్లు కాలం మొదలైంది మరి! హసన్‌పర్తి చెరువు అవతల కల్లు గీసే నర్సయ్య గౌడు ప్రతి సాయంత్రం రాయమల్లు బావ కోసమని రెండు సీసాలు పక్కన పెట్టేవాడు. యార్డు నుంచి ఇంటికి పోతూ అక్కడ బండి ఆపడం రాయమల్లుకు పెళ్లి కాకముందు నుంచీ ఉన్న అలవాటు. మొదటి రోజు యాప్‌లో వెతికితే వైన్ కనబడింది, బీరు కనబడింది, కల్లు మాత్రం లేదు.

"కల్లు మందెట్లయితది బావా? చెట్టిచ్చిన నీళ్లు. కడుపు సల్లవడ్తది" అన్నాడు నర్సయ్య.

రాయమల్లుకు ఆ మాట చాలు. ఫోన్ జేబులో పెట్టేశాడు.

అలా వరసగా నాలుగో వారం కూడా బరువు దిగకపోయేసరికి అతనికి కోపం నషాళానికెక్కింది. "మీ కాంటా తప్పున్నది మేడం. జర దీనికి తూనికలోళ్ల ముద్ర ఎప్పుడు ఏయించిండ్రో సూడుండ్రి" అని దవాఖానలోనే పంచాయితీ పెట్టాడు. అంతటితో ఊరుకోక, యార్డుకెళ్లి మిర్చి బస్తాలు తూచే కాంటా మీద తానే ఎక్కి నిలబడ్డాడు. హమాలీలు పకపకా నవ్వారు. అక్కడా ఎనభై ఎనిమిదే. తన కాంటాను తప్పు పట్టడానికి మాత్రం నోరు రాలేదు.

ఇంటికొచ్చేసరికి భారతి మంచం మీద కూర్చుని సీసాలోంచి చిన్న గ్లాసులోకి నీళ్లు వంచుకుంటోంది. ఒంట్లో నీరు చేరకూడదని ఆమెకు రోజుకు లీటరే ఇచ్చారు. అది సాయంత్రానికి సీసా అడుగుకు చేరింది.

"అన్ని రాస్తాన, ఒక్కటి ఇడుస్తలేను. అయినా దిగుతలేదు. మూడు వారాలే ఉన్నయి" అన్నాడు రాయమల్లు.

ఆమె సీసాకు మూత బిగించింది.

"ఏందే, మాట్లాడవు?"

"అన్ని రాస్తానవా?" అంది భారతి మెల్లగా.

అతను తల గోక్కున్నాడు. "కల్లు సంగతా? అది తిండి కాదు గదా."

"నాది తిండా? ఉత్త నీళ్లు. గోలీ మింగే గుక్క సుత లెక్కవెట్టుకుంటాన."

రాయమల్లు మంచం అంచున కూలబడ్డాడు. "మరి ఇన్నొద్దులు నోరెందుకు తెరవలేదే?"

"ఏ నోటితోని తెరవాలె? నీ ఒంట్లకెల్లి తీసి నాకిస్తానంటివి. ఇంక కల్లు సుత ఇడిసిపెట్టుమని అడుగాల్నా? ఇచ్చేటోనివి నువ్వు, తీసుకునేదాన్ని నేను."

ఇరవై ఏడేళ్ల కాపురంలో కూరలో ఉప్పు తనే మరిచిపోయి కూడా మొగుణ్ని తిట్టిన మనిషి ఆమె. ఈ ఎనిమిది నెలల్లో ఒక్క తిట్టు తిట్టలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉందనుకున్నాడే గానీ, ఆమె భయపడి నోరు కట్టేసుకుందని అతనికి తట్టనేలేదు. తల ఎత్తలేనంత సిగ్గేసింది.

తెల్లవారి యాప్ పట్టుకుని సింధు మేడం ముందు నిలబడ్డాడు. "కల్లు ఏ పేరుతోని రాయాలె మేడం?"

ఆమె ఒక్క క్షణం అతన్ని చూసి, కాంటా గొడవ గుర్తొచ్చి నవ్వు ఆపుకుంది. "వైన్ కింద రాయండి, బీరు కింద రాయండి, రాయడం ముఖ్యం. సీసాకు రెండు వందల యాభై కేలరీలు వేసుకోండి. రెండు సీసాలంటే నాలుగైదు రొట్టెలు. కల్లు కూడా మందే రాయమల్లు గారూ, డాక్టర్ గారికీ చెప్పాలి. మానేస్తే అసలు రాసే పనే ఉండదు."

అక్కడే బల్ల మీద కూర్చుని ఇరవై ఎనిమిది రోజులకూ రోజుకు రెండు చొప్పున ఎక్కించాడు. డాక్టరు పెట్టిన చీవాట్లు నిలబడి తిన్నాడు. అటునుంచి అటే తాటివనానికి పోయాడు.

"గౌడ్, ఇయ్యాల్టి సంది నా సీసాలు పక్కకు పెట్టకు."

"ఒక్కటన్న తాగు బావా. చెట్టు అలుగుతది."

"చెట్టలిగితే బతిమాలుకుంట. భారతి పోతే ఎవల బతిమాలుకోవాలె?"

నర్సయ్య చేతిలోని సీసా కింద పెట్టేశాడు.

ఇక చూడండి రాయమల్లు పట్టు! చీకటితోనే లేచి చెరువు కట్ట మీద నడిచేవాడు. సాయంత్రం నోరు పీకితే బండిని ఇంకో దారిన తిప్పేవాడు. నర్సయ్య కనబడితే దూరం నుంచే దండం పెట్టేవాడు. ఒక రోజైతే కల్లు వాసన గాలికి వచ్చిందని ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాడు కూడా.

పదో వారం మంగళవారం కాంటా ఎక్కాడు. ఆపరేషన్ సంగతి తేల్చే డాక్టర్ల మీటింగు శనివారం. భారతి తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. అంకెలు ఊగి ఊగి ఎనభై నాలుగు మీద మూడు వందల గ్రాముల దగ్గర ఆగాయి.

"బట్టలకు ఆ మూడు వందలు తీసేస్తే సరిగ్గా ఎనభై నాలుగు. రాసేయనా?" అంది సింధు మేడం.

అబద్ధమెందుకు, రాయమని చెప్పే మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది.

"వద్దు మేడం. నాకు నేను తరుగు తీసుకునుడుతోనే నెల దినాలు పోగొట్టుకున్న. శుక్రారం మల్ల ఎక్కుత, ఇవే బట్టలతోని."

దిగి తలుపు వైపు చూడ్డానికి భయమేసింది. తూకం మూడు రోజులు వెనక్కి పోయిందని ఆమె మొహం చిన్నబోతుందనుకున్నాడు. భారతి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"శుక్రారం దాంక ఆ నర్సయ్య తోవల కనవడ్డవో, కాళ్లిరగ్గొడత! పొద్దుమీకి రొట్టె సుత ఒక్కటే. ఇంటానవా?"

సింధు మేడం ఉలిక్కిపడింది. రాయమల్లు కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి.

"ఇంటాన" అన్నాడు. "మల్లొకపారి తిట్టవే."