ముచ్చిక తీయడం రాని పిల్ల

జూన్‌లో బడి తెరిచిన వారంలోనే పుష్పవతి టీచరు మూడో తరగతి గోడకు ప్రపంచపటం తగిలించింది. నూజివీడులోని ఆ ప్రైవేటు బడిలో ఆవిడ పాఠమంటే పిల్లలు చెవి కోసుకుంటారు. జపాన్ వాళ్ళు చేపలెందుకు ఎక్కువ తింటారని అడిగితే, చుట్టూ సముద్రం కాబట్టి అన్నారు. అరబ్బు దేశాల్లో ఖర్జూరం దేనికంటే, ఇసుకలో ఆ చెట్టు బతుకుతుంది గనక అన్నారు. మంచుకొండల మీద వరి పండదనీ, అక్కడ బార్లీ పిండి తింటారనీ గడగడ చెప్పేశారు. నేలా నీళ్ళూ ఎలా ఉంటే తిండీ అలాగే ఉంటుందన్న సంగతి పిల్లలకు ఎక్కిందని ఆవిడ మురిసిపోయింది.

మన నేల సంగతి చేతికిచ్చి చూపిద్దామని, సాయంత్రం సొంత మామిడితోటలో చిన్నరసాలు కోయించి, మర్నాడు బుట్టతో బడికి తీసుకెళ్ళింది. కోతలయ్యాక కొమ్మల చివర మిగిలిన పళ్ళవి. ఆ తోటకు అవే ఆఖరివని ఆవిడకు తెలుసు. కొన్నేళ్ళుగా పూత నిలవక, పురుగు వదలక, భర్త బసవపున్నారావు విసిగిపోయాడు. తోట కొట్టించి ప్లాట్లు వేయడానికి మాటిచ్చేశాడు. అందరూ చేస్తున్నదే కదా అని ఆవిడా తలూపింది.

పళ్ళు పంచగానే, అదే తరగతిలో చదివే ఆవిడ మనవరాలు కీర్తిప్రియ ఆత్రంగా పండు కొరికేసింది. పాఠకులారా, రసాన్ని అలా తినరని మనకు తెలుసు. మెత్తగా పిసికి, తొడిమ దగ్గరి ముచ్చిక తీసి, మొదట వచ్చే సొన పిండేసి, అప్పుడు జుర్రుకోవాలి. ఆ పిల్లకు తెలియదు. పక్కవాళ్ళకీ తెలియదు, కొందరు చాకు అడిగారు. మధ్యాహ్నం భోజనాల వేళకు కీర్తిప్రియ పెదవి సొన తగిలి మంటెక్కి వాచిపోయింది.

కొబ్బరినూనె రాస్తుంటే ఆ పిల్ల ఏడుస్తూ, "ఇంట్లో ముక్కలు కోసి డబ్బాలో పెడతావు కదా నానమ్మా. దీనికి మంట ఉంటుందని నాకెవరు చెప్పారు?" అంది.

పుష్పవతి మనసు చివుక్కుమంది. మంచి పళ్ళన్నీ ఏటా హనుమాన్ జంక్షన్ మీదుగా లారీల్లో వెళ్ళిపోయేవి. మిగిలినవి బట్టలకు అంటకుండా కోసి ఫ్రిజ్‌లో పెట్టడమే ఇంట్లో అలవాటు. పిల్లను ఏనాడూ తోటలో చెట్టు కింద కూర్చోబెట్టి ఒక పండు తినిపించలేదు. ఎక్కడో జపాన్ చేపల గురించి నేర్పిన తను ఇది నేర్పలేదని సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

ఇంటికి రాగానే భర్తను బతిమాలింది. "ఏవండీ, బావి పక్క నాలుగు చెట్లయినా ఉంచండి. పిల్లకి చూపించాలి."

బసవపున్నారావు తలెత్తలేదు. "వచ్చేవారం చెట్లు కొడతామన్నవాళ్ళు ఇవాళే వచ్చేశారు. మైలవరం నుంచి రంపం మిషను తెచ్చారు. బావి వైపు నుంచే మొదలెట్టారు పుష్పా" అన్నాడు.

రాత్రి భోజనాలకు ముందు కీర్తిప్రియ వాచిన పెదవితోనే హోంవర్కుకు కూర్చుంది. మన నేల, మన తిండి గురించి రాయమని ఇచ్చింది నానమ్మే. "'మా నేలలో మామిడి పండుతుంది.' ఇంతవరకు రాశాను. తర్వాతేం రాయను నానమ్మా?"

పుష్పవతి రబ్బరు తీసుకుని చివరి మాట చెరిపింది.

"'పండేది' అని రాయి తల్లీ."

"ఎందుకు?"

"మీకు ప్రపంచమంతా చూపించాం గానీ కాళ్ళ కింద నేల చూపించలేదు. పిల్లలకి రుచి తెలియని పంటని ఏ ఊరూ కాపాడుకోదమ్మా."