దుకాణంలో కాయని జామపండు

శిశు తరగతి చదువేం చదువు, ఆటలే కదా అని మనమంతా తేలిగ్గా తీసిపారేస్తాం. ఆ తేలికతనం ఎంత చేటో బుల్లి టీచర్‌కు ఎదురైన సంగతి వింటే తెలుస్తుంది. పొట్టిగా ఉంటుందని పిల్లలే పెట్టుకున్న పేరది.

పరీక్ష కాగితం మీద ఒకవైపు జామపండు, గుడ్డు, పాలు. రెండోవైపు దుకాణం, కోడి, ఆవు. ఏది ఎక్కణ్ణుంచి వస్తుందో గీత గీసి కలపాలి. జామపండును దుకాణానికి కలపాలట! జవాబుల పుస్తకం అలాగే చెబుతోంది. చెట్టు బొమ్మ కాగితంలోనే లేదు.

కిందటి వారమే బుల్లి టీచర్ పిల్లల్ని బడి వంటగది వెనకున్న జామచెట్టు దగ్గరికి తీసుకెళ్లింది. పూత చూపించి, పిందెలు తడమనిచ్చి, పండు కోసి తలా ఓ ముక్క పెట్టింది. అందుకే పంతొమ్మిది మంది కాగితం అంచున తమకు చేతనైనట్టు చెట్టు గీసి, పండును దానికి కలిపారు. ఒక చెట్టయితే అచ్చం చీపురే. టీచర్ మురిసిపోయి అందరికీ మార్కు వేసేసింది.

తల్లిదండ్రులకు కాగితాలు చూపించే రోజున ఆ మార్కులు చూసి బడి పెద్ద మేడం అగ్గిమీద గుగ్గిలమైంది.

"నీ ఇష్టారాజ్యమా ఇది? పుస్తకంలో ఉన్నదే జవాబు. అన్నిటికీ ఇంటూ కొట్టు."

"కొట్టను మేడం."

"అయితే రేపట్నుంచి రానక్కర్లేదు."

ఇల్లంతా టీచర్ జీతం మీదే నడుస్తోంది. మంచం పట్టిన అత్తగారు కళ్లముందు మెదిలింది. అయినా ఎర్ర కలానికి మూత పెట్టేసింది.

"మానేయమంటే మానేస్తా. నిజం గీసిన పిల్లలకు తప్పు వేయడం మాత్రం నావల్ల కాదు."

బస్సు కండక్టరుగా చేసే ఓ తల్లి, యూనిఫాంలోనే వచ్చి గుమ్మంలో నిలబడి ఇదంతా వింటోంది.

"మేడం, మొన్నటిదాకా మా అమ్మాయి జామపండు ఫ్రిజ్‌లో పుడుతుందనుకుంది. నవ్వి ఊరుకున్నాను, తప్పు నాదే. ఇప్పుడు నిజం తెలుసుకుంటే సున్నా వేయిస్తారా? టీచరమ్మ వెళ్లిపోతే మా పిల్లా వెళ్లిపోతుంది."

"మా వాడూ అంతే!" వెనక నుంచి ఇంకొకరు గొంతు కలిపారు.

పెద్ద మేడం ముఖం మాడిపోయింది. "సరే, ఈసారికి ఆ మార్కులు ఉంచు" అని గొణిగింది.

"ఈసారికే కాదు మేడం, ఎప్పటికీ చెట్టే జవాబుగా ఉండాలి. వచ్చే కాగితంలో చెట్టు బొమ్మ వేయించండి" అంది బుల్లి టీచర్, తల దించకుండా. "దుకాణం అమ్ముతుందంతే, కాసేది చెట్టు. ఆ సంగతి తెలియకుండా పెరిగిన పిల్లలు రేపు ఏ బెంగా లేకుండా ఆ చెట్టునే నరికేస్తారు."