నమలకుండా మింగిన పాఠాలు

నా కూతురు యామిని నోట్లోంచి పాఠాలు జారిపడుతున్నాయి. బడి నుంచి రాగానే గుమ్మం దగ్గర వంగుతుంది. వాచకంలోని పాఠం మొత్తం కోడిపేగులా జిగటగా కిందికి దిగుతుంది. నేను చీపురుతో కాలవలోకి తోస్తాను. ఫినాయిల్ పోసినా వాసన పోదు.

వాళ్ళ బడిలో పాఠం అందరూ కలిసి వల్లె వేస్తారు. గుంపు గొంతులో పడి పాఠం దానంతటదే లోపలికి పోతుంది. ఎవరి పంటికీ తగలదు. యామిని ఒక్క మాట తప్పకుండా అప్పజెబుతుంటే ఇంటిల్లిపాదీ మురిసిపోయి చేతిలో బెల్లంముక్క పెడుతున్నాం. ఇంతలో ఒకరోజు మాస్టారు పుస్తకం తలకిందులుగా ఇస్తారు. అది అలాగే పట్టుకుని గడగడా చదివేస్తుంది.

అర్ధసంవత్సర పరీక్షల్లో తెలియని వాక్యం చదివిస్తారట. చదవలేకపోతే మూడో తరగతి నుంచి లేపి ఒకటిలో కూర్చోబెడతారు. అంత తలవంపులు దేనికి, మానిపించెయ్యమంటుంది మా అత్తగారు.

"నువ్వు ఏడుతో ఆపేశావు. అన్నం ఉడకట్లేదేంటి?"

ఏడు దాకా నేను నమలకుండా మింగినవీ ఇంకా నా లోపలే ఉన్నాయి.

బడి వదలగానే ఎస్తేరు రాణి టీచరు దగ్గరికి తీసుకెళుతున్నాను. చదవడం రాని పిల్లల్ని ఆవిడ ఐసు ఫ్యాక్టరీ వెనక గదిలో కూర్చోబెట్టుకుంటుంది. పిల్లల ముందు స్టీలు పళ్ళేలు. టీచరు వాళ్ళ వీపు నిమిరితే పాఠం పళ్ళెంలో పడుతుంది. రొయ్యలు వలిచినట్టు పిల్లలే ఒక్కో అక్షరానికి తల తీసి, నరం లాగి, నీళ్ళలో జాడిస్తారు. శుభ్రమయ్యాకే పలకాలి. గది నిండా నీచు. తల్లులం కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలో కూర్చుంటాం. టీచరు మోచేతుల దాకా జిగురు. ఆ చేతుల్తోనే పిల్లల బుగ్గలు పుణుకుతుంది. నాకు డోకు వస్తుంది.

యామిని "ఈ" దగ్గర ఆగిపోతుంది. ఆ ఆగడం నేను చూడలేను. "ఈగ" అని అందిస్తాను. నా నోట్లోంచి నల్లటి ముద్ద ఒకటి ఎగిరి దాని నోట్లో పడుతుంది. గుటుక్కున మింగేస్తుంది.

"అందించకండమ్మా," అంటుంది టీచరు. "మీరు నమిలి పెడుతుంటే దానికి పళ్ళెప్పుడొస్తాయి?"

"ఆలస్యమైపోతోందండీ."

"అవనీండి. బస్సేమన్నా తప్పిపోద్దా మీకు?"

నాలిక కొరుక్కుని కూర్చుంటాను. యామిని కుంటుతుంది, వెనక్కొస్తుంది, తప్పు పలికి తనే దిద్దుకుంటుంది. టీచరు వేలు దాని వేలు పక్కనే నడుస్తుంది, ముందుకు పోదు. వానలు వెళ్ళేసరికి మా గుమ్మం పొడిగా ఉంటోంది. ఒక సాయంత్రం ఫినాయిల్ సీసా ముందు చతికిలబడి "తా...గ...రా...దు" అంటుంది. అది ఎవరూ వల్లె వేయించని మాట.

పరీక్షనాడు తల్లుల్ని కూడా రమ్మంటారు. పుస్తకాల పేజీలన్నీ పాఠాల జిగురుతో అతుక్కుపోయాయి. అందుకని మాస్టారు కుర్చీలో కూర్చుని నోరు తెరుస్తారు. కిళ్ళీ మరకల కింద, తెల్లటి పాచి మధ్య, నాలిక మీద ఒక వరుస రాసి ఉంది. యామిని ఆయన నాలిక మీద వేలు ఆనిస్తుంది. ఆ తడికి నా ఒళ్ళు జలదరిస్తుంది. దానికి జలదరించదు.

"ఏరు... దాటిన... మేక... వెనక్కి... చూ...డ...లేదు."

మాస్టారు తలాడించి నోరు ఇంకా పెద్దది చేస్తారు. రెండో వరుస గొంతులో ఉంది. యామిని తల దూరుస్తుంది. తర్వాత భుజాలు. తర్వాత నడుము. నేను పరుగున వెళ్ళి దాని పాదాలు పట్టుకుంటాను.

లోపల్నుంచి దాని గొంతు వినిపిస్తోంది. ఒక మాట దగ్గర ఆగింది. అందిద్దామంటే అక్కడేం రాసుందో నాకు తెలియదు. పట్టు సడలిస్తాను. దాని మడమలు మాస్టారి పెదాలు దాటి, కిళ్ళీ రసంలో ఎర్రగా తడిసి, లోపలికి వెళ్ళిపోతాయి. ఆయన పొట్ట మీద చొక్కా గుండీల మధ్యగా, చర్మం కింద ఒక చిన్న వేలు ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా కదులుతోంది.