వేలిముద్రకు ముందు

యల్లమ్మ జొన్నరొట్టె తడుతుంటే మొగుడు ఓబులేసు గుమ్మంలో నిలబడి అన్నాడు, "చెయ్యి కడుక్కోని రా. ఒక ఏలిముద్ర ఏయాల."

దేనికని ఆమె అడగలేదు. పుట్టింటి చేను అన్నలకు రాసిచ్చిన రోజూ అడగలేదు. "నీకు చెప్తే అర్థమైతాదా" అనే మాటను పన్నెండేళ్లుగా విని విని, కాదనే తానూ నమ్మింది.

కాగితం తెచ్చింది ఆమె తోడికోడలు నాగేశ్వరమ్మ. జమ్మలమడుగు నుంచి పొద్దున బస్సుకే రాజుపాలెం వచ్చింది. ఐదో తరగతి చదువుకుంది. పిల్లలు లేరు. యల్లమ్మ మూడో బిడ్డ సుంకులమ్మ ఏడాదిగా ఆమె దగ్గరే పెరుగుతోంది.

"పాపను బళ్లో ఏసే కాయితం," అన్నాడు ఓబులేసు.

యల్లమ్మ పిండి అంటిన బొటనవేలే చాపింది. "యాడ ఏయాలక్కా?"

నాగేశ్వరమ్మ ఆ వేలిని చూసి సిరాడబ్బీ మూత పెట్టేసింది. "ఆగు. సదువుతా."

"సదివేదేముంది వదినా, పొద్దు పోతాంది."

ఆమె వినలేదు. బిడ్డను దత్తత ఇస్తున్నామని, తల్లి యల్లమ్మ మనసారా సమ్మతించిందని, ఇకమీదట బిడ్డ మీద ఆమెకు ఏ హక్కూ ఉండదని వరస వెంట వేలు నడుపుతూ చదివింది. చివరిదాకా వచ్చి, మళ్లీ మొదటినుంచి చదివింది.

"కొత్త చట్టమంట యల్లమ్మా. ఆడబిడ్డనైనా ఇయ్యొచ్చంట. తల్లి ఒప్పుకోకుంటే మాత్రం చెల్లదంట. నీకు చెప్పొద్దన్న్యాడు మీ బావ."

"కోరింది చేతికొస్తాంటే కాలితో తంతాండావే వదినా," అన్నాడు ఓబులేసు.

యల్లమ్మ చేయి వెనక్కి తీసుకుంది. పెనం మీద రొట్టె మాడుతున్నా కదల్లేదు. తల్లి ఒప్పుకోవాలన్న ఆ ఒక్క మాట మింగేసి ఉంటే బిడ్డ నాగేశ్వరమ్మదయ్యేది. తనను కట్టుకున్నవాడు మింగాడు. ఈమె మింగలేకపోయింది. తన ముందు ఒకరు కాగితం చదవడం ముప్పై ఏళ్ల బతుకులో ఇదే మొదలు. కడుపులో కోత కోతగానే ఉంది. దాని పక్కనే, ఎండలో నడిచొచ్చాక ఎవరో చెంబుతో నీళ్లిచ్చినట్టు, ఒక చల్లదనం.

"పాప నన్ను అమ్మా అంటే?" అడిగింది యల్లమ్మ.

"అననీ. నన్ను పెద్దమ్మా అంటాంది. అదే బాగుంది నాకు."

యల్లమ్మ చెయ్యి కడుక్కుని వచ్చింది. "ముద్ర ఈడ ఏయను. రేపు రిజిస్టరాపీసులో నా నోటితో చెప్పినాక ఏస్తా."

"ఏం చెప్తావు?" గద్దించాడు ఓబులేసు.

ఆమె అతని వైపు కాక, నాగేశ్వరమ్మ వైపు తిరిగింది.

"ఇస్తానని చెప్తా అక్కా. ఈయప్ప ఏయమన్నందుకు కాదు, నువ్వు సదివినందుకు."