కిర్రుమనే కిటికీ

నేను తాళాలు బాగుచేసేవాణ్ణి. దాదాపు పన్నెండేళ్ళ క్రితం ఈ ఖాళీ ఇంటి తాళం తీసి మకాం పెట్టాను. పన్నెండేళ్ళు ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఇల్లు నాదవుతుందని లాయరు చెప్పాడు. దొంగలా కాదు, అందరికీ తెలిసేలా ఉండాలన్నాడు. గుమ్మానికి నా పేరు బోర్డు కొట్టాను. గేటుకి రంగేశాను. ఒక్కడంటే ఒక్కడు వచ్చి "ఎవరయ్యా నువ్వు?" అని అడిగితే ఒట్టు. ఇరుగుపొరుగు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటారు.

గడువుకి నెల ఉందనగా ఇంటి యజమానురాలి నుంచి ఉత్తరం వచ్చింది. "అన్నయ్యగారూ, మా ఇంట్లో మీరుంటున్నారని తెలిసింది. ఎన్నాళ్ళైనా ఉండండి. వంటింటి కిటికీ ఇంకా కిర్రుమంటోందా?"

లాయరు తల పట్టుకున్నాడు. "ఎవరో తెలివైనవాడే రాయించాడయ్యా! జవాబు రాశావో, ఇల్లు ఆవిడదని ఒప్పుకున్నట్టే. ఇన్నేళ్ళూ నీళ్ళపాలు. చించి పారెయ్."

ఆ మాత్రం నాకు తెలియదా? ఒళ్ళు మండింది. చించబోయాను కూడా. కానీ బిల్లులు తప్ప నా పేరున ఈ గడప తొక్కిన మొదటి కాగితం అది.

వంటింట్లోకెళ్ళి కిటికీ తీశాను. కిర్రుమంది. ఇన్నేళ్ళుగా దానికి నూనె వెయ్యబుద్ధి కాలేదు. ఈ ఇంట్లో నాతో మాట్లాడేది అదొక్కటే.

కాగితం తీసుకుని రాశాను: "చెల్లెమ్మా, మీ కిటికీ ఇంకా కిర్రుమంటూనే ఉంది."